వచ్చిందా? వస్తే ఎవరు?

తలుపు చప్పుడవుతుంది. "ఎవరూ?" అని లోపల్నుంచి అరుస్తాం. బయటి నుంచి "నేనే!" అని జవాబొస్తుంది. ఆ "నేనే"లో పేరు లేదు, ఊరు లేదు, అయినా మనం వెళ్ళి తలుపు తీస్తాం. ఎందుకంటే గొంతు గుర్తుపట్టేశాం.

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఎవరైనా వచ్చారా? వస్తే, వచ్చింది ఎవరు? మొదటిదానికి తలుపు చప్పుడే జవాబు, రెండోదానికి గొంతు. ఫ్యాక్టరీ ఆటోమేషన్ మొత్తం ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది. మొదటిదానికి జవాబు చెప్పేది సెన్సర్. రెండోదానికి చెప్పేది ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్.

"అదంతా ఈసీఈ, ఈఈఈ వాళ్ళ సబ్జెక్టు కదా, మనకెందుకు?" అనుకునే సీఎస్ఈ ఫ్రెండ్స్ కోసమే ఈ వ్యాసం. సెన్సర్ ఒక మాట, ట్యాగ్ ఇంకో మాట చెప్పినప్పుడు మెషీన్ ఏం చెయ్యాలో నిర్ణయించేది సర్క్యూట్ కాదు, కోడ్. ఆ కోడ్ రాసేది రేపు మనమే కావచ్చు.

టోల్ గేట్ దగ్గర ఒక్క నిమిషం

ఫ్యాక్టరీలోకి వెళ్ళేముందు అందరం చూసిన చోటు నుంచి మొదలెడదాం. కారు అద్దం మీద అతికించే ఫాస్టాగ్ ఒక ఆర్ఎఫ్ఐడీ ట్యాగే. 2021 ఫిబ్రవరి నుంచి నేషనల్ హైవే టోల్ ప్లాజాల్లో అది తప్పనిసరి అయింది. మన దేశంలో ఇలాంటి ట్యాగ్‌లకి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న బ్యాండ్ కేటాయించారు. లేన్ పైనున్న రీడర్ ట్యాగ్‌ని చదివి, ఈ బండి ఎవరిదో తెలుసుకుంటుంది.

మరి బండి పూర్తిగా దాటిపోయిందని గేటుకి ఎలా తెలుస్తుంది? ట్యాగ్ ఆ సంగతి చెప్పలేదు. దానికి వేరే సెన్సర్లు కావాలి. రోడ్డులో పాతిన తీగ లూపు పైన లోహం ఉందా లేదా కనిపెడుతుంది. పక్కన నిలబెట్టిన లైట్ సెన్సర్లు అడ్డంగా ఏదైనా ఉందా చూస్తాయి. అవి "ఖాళీ" అన్నాకే గేటు దిగాలి. ట్యాగ్ మాట మాత్రమే నమ్మితే గేటు కారు నెత్తిన దిగుతుంది. లూప్ మాట మాత్రమే నమ్మితే డబ్బు ఎవరి దగ్గర తీసుకోవాలో తెలియదు. ఇద్దరూ కావాలి.

మొదటి సాక్షి: సెన్సర్

ఫ్యాక్టరీలో ఎక్కువగా కనిపించే సెన్సర్లు మూడు నాలుగు రకాలు. లిమిట్ స్విచ్ అంటే వస్తువు వచ్చి తగిలితే నొక్కుకునే మామూలు మీట. ఫొటోఎలక్ట్రిక్ సెన్సర్ ఒక వైపు నుంచి కాంతి పంపుతుంది, మధ్యలో ఏదైనా అడ్డొస్తే కాంతి ఆగిపోతుంది, అంటే వస్తువు వచ్చినట్టు. కెపాసిటివ్ సెన్సర్‌కి లోహమే అక్కర్లేదు, ప్లాస్టిక్ డబ్బాలో నూనె ఎంతవరకు ఉందో కూడా బయటి నుంచే కనిపెట్టగలదు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇండక్టివ్ సెన్సర్. లోపల ఒక కాయిల్ ఉంటుంది, అది తన ముందు మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని తయారుచేస్తుంది. లోహపు ముక్క దగ్గరకొస్తే ఆ లోహంలో ఎడ్డీ కరెంట్లు పుట్టి, కాయిల్ శక్తిని కొంత తినేస్తాయి. ఆ తగ్గుదలను చూసి సెన్సర్ "లోహం వచ్చింది" అంటుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీ కొట్టిన ఎడ్డీ కరెంట్లు ఇక్కడ రోజూ డ్యూటీ చేస్తున్నాయన్నమాట. జర్మనీలో పెప్పర్ల్ ప్లస్ ఫుక్స్ కంపెనీ 1958లో దీన్ని తెచ్చింది. ఇది చూసే దూరం సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లే. కానీ తగలక్కర్లేదు కాబట్టి అరగదు, నూనె జిడ్డు పట్టినా పని చేస్తుంది.

అయితే ఇలాంటి సెన్సర్ సాధారణంగా చెప్పేది ఒక్క బిట్. ఉంది, లేదు. తన ముందుకొచ్చింది అసలైన పార్టా, ఎవరో మర్చిపోయిన స్పానరా అన్నది దానికి పట్టదు.

రెండో సాక్షి: ట్యాగ్

ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్‌లో చిన్న చిప్, దాని చుట్టూ ఒక యాంటెన్నా ఉంటాయి. మామూలు ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. మరి మాట్లాడేది ఎలా?

చిన్నప్పుడు అద్దం ముక్కతో ఎండని పట్టి ఎదురింటి గోడ మీద వెలుగు ఆడించినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మన చేతిలో లైటు లేదు, ఉన్నది సూర్యుడి కాంతే. అద్దాన్ని తిప్పి వెలుగుని ఆర్పి వెలిగిస్తూ ఎదురింటి ఫ్రెండ్‌కి సైగ చెయ్యొచ్చు. దూరం నుంచి చదివే ట్యాగ్ చేసే పనీ ఇదే. రీడర్ రేడియో తరంగాలు పంపుతుంది. ట్యాగ్ ఆ తరంగాల్లోంచే కొంచెం శక్తి తీసుకుని చిప్‌ని మేల్కొల్పుతుంది. తర్వాత యాంటెన్నా స్థితిని మార్చుకుంటూ, తరంగాన్ని ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనక్కి కొడుతుంది. ఆ ఎక్కువ తక్కువలే సున్నాలు, ఒకట్లు. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీర్ ఇలా వెనక్కి కొట్టిన శక్తితో సమాచారం పంపడం గురించి 1948లోనే పేపర్ రాశాడు. చిప్‌లు లేని కాలంలో ఆలోచన మాత్రం సిద్ధంగా ఉంది.

ట్యాగ్‌లు వాడే ఫ్రీక్వెన్సీని బట్టి వాటి స్వభావం మారుతుంది. 125 కిలోహెర్ట్జ్ దగ్గర పని చేసేవి కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే చదవగలవు, కానీ నీళ్ళకి పెద్దగా బెదరవు. పశువుల చెవులకి వేసే ఎలక్ట్రానిక్ ట్యాగ్‌లు ఈ కుటుంబానివే. 13.56 మెగాహెర్ట్జ్‌వి మెట్రో స్మార్ట్ కార్డుల్లో, ఫోన్ ఎన్ఎఫ్‌సీలో ఉన్నాయి. ఈ రెండు రకాలూ బ్యాక్‌స్కాటర్ కాకుండా ట్రాన్స్‌ఫార్మర్‌లా కాయిల్‌కి కాయిల్ ముడిపడి పని చేస్తాయి. 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్యవి యూహెచ్ఎఫ్ ట్యాగ్‌లు. ఇవి కొన్ని మీటర్ల దూరం నుంచి, ఒకేసారి చాలా ట్యాగ్‌లని చదవనిస్తాయి.

యూహెచ్ఎఫ్ దూరం చూసి మురిసిపోకండి. లోహం ఆ తరంగాలని ఇష్టమొచ్చినట్టు తిప్పికొడుతుంది, మామూలు ట్యాగ్‌ని లోహం మీద నేరుగా అతికిస్తే దాని యాంటెన్నా ట్యూనింగ్ చెడిపోతుంది. నీళ్ళు ఆ తరంగాల శక్తిని మింగేస్తాయి. ఫాస్టాగ్‌ని బానెట్ మీద కాకుండా అద్దం మీద ఎందుకు అతికిస్తారో ఇప్పుడు అర్థమైంది కదా. ఫ్యాక్టరీ అంటేనే లోహం, నూనె, నీళ్ళు. అందుకే అక్కడ ట్యాగ్‌కీ లోహానికీ మధ్య ఎడం ఉండేలా ప్రత్యేకంగా చేసిన ట్యాగ్‌లు వాడతారు.

మరి బార్‌కోడ్ చాలదా?

చాలా చోట్ల చాలు. చవక కూడా. కానీ కార్ల ఫ్యాక్టరీలో పెయింట్ షాప్‌ని ఊహించుకోండి. కారు బాడీని మొత్తంగా రసాయనాల తొట్టెల్లో ముంచుతారు, రంగు కొడతారు, 150 డిగ్రీలు దాటిన వేడి ఓవెన్‌లో ఆరబెడతారు. కాగితం మీది బార్‌కోడ్ మొదటి తొట్టెలోనే కరిగిపోతుంది. మిగిలినా దాని మీద రంగు పడితే కెమెరాకి గీతలు కనిపించవు. రేడియోకి రంగు పొర అడ్డం కాదు. అందుకే బాడీని మోసే స్కిడ్‌కి, వేడికి తట్టుకునే గట్టి కవచంలో ట్యాగ్‌ని బిగిస్తారు. బాడీ ఏ మోడల్, ఏ రంగు వెయ్యాలి, ఏ స్టేషన్ అయిపోయింది అన్న సమాచారం ఆ ట్యాగ్ నంబర్‌తో ముడిపడి ఉంటుంది.

అసలు కథ: క్యూ జరిగిపోతే?

ట్యాగ్ లేకుండా కూడా లైన్ నడపొచ్చు. ఎలాగో చూద్దాం, ఎందుకంటే ట్యాగ్ విలువ అక్కడే తెలుస్తుంది.

కన్వేయర్ అంటే డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన క్యూ. ముందు ఎక్కినది ముందు దిగుతుంది. మొదట్లో ఎర్రది, తెల్లది, నీలిది, తెల్లది అని వరుస రాసిపెట్టుకుంటే, చివర్లో సెన్సర్ "ఒకటొచ్చింది" అన్నప్పుడల్లా లిస్టులోంచి ఒక పేరు తీస్తే సరిపోతుంది. లెక్క పక్కా.

ఇప్పుడు మధ్యలో ఒక వర్కర్ ఒక బాడీకి సొట్ట ఉందని గమనించి, దాన్ని రిపేర్‌కి పక్కకి లాగాడు. ఆయన చేసింది సరైన పనే. కానీ లిస్టుకి ఆ సంగతి తెలియదు. అక్కడి నుంచి ప్రతి బాడీకీ దాని ముందుదాని పేరు పడుతుంది. నీలి బాడీకి తెల్ల రంగు, తెల్లదానికి నీలి రంగు. ఒక్క సెన్సర్ కూడా చెడిపోలేదు, ఒక్క ఎర్రర్ మెసేజ్ రాలేదు, అయినా లైన్ అంతా తప్పు. ల్యాబ్‌లో లూప్ ఒకటి ఎక్కువో తక్కువో తిరిగితే సరిదిద్దుకుని మళ్ళీ రన్ చేస్తాం. ఇక్కడ మళ్ళీ రన్ చెయ్యడానికి రంగు ఆరిపోయింది.

ట్యాగ్ ఉంటే ప్రతి స్టేషన్ దగ్గరా ఆ వస్తువునే "నువ్వెవరు?" అని అడగొచ్చు. లిస్టు జరిగిపోయినా తర్వాతి స్టేషన్‌లోనే దొరికిపోతుంది. అంటే ట్యాగ్ చేసే పెద్ద పని వేగం పెంచడం కాదు, కంప్యూటర్‌లో ఉన్న లెక్కని నేల మీద ఉన్న నిజంతో మళ్ళీ మళ్ళీ సరిచూడటం.

మధ్యలో పెద్దమనిషి: పీఎల్‌సీ

సాక్షులు చెప్పింది విని తీర్పు చెప్పే పెద్దమనిషి పీఎల్‌సీ, అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. ఒకప్పుడు కార్ల కంపెనీల్లో ఆ పని గోడ నిండా ఉన్న రిలేలు చేసేవి. మోడల్ మారితే వైర్లన్నీ పీకి మళ్ళీ కలపాలి. ఆ బాధ పోగొట్టడానికి 1968లో అమెరికాలో డిక్ మోర్లీ బృందం పని మొదలుపెట్టింది. వాళ్ళు చేసిన మోడికాన్ 084 తొలి పీఎల్‌సీలలో ఒకటి. వైర్లు మార్చడం పోయి ప్రోగ్రామ్ మార్చడం వచ్చింది.

పీఎల్‌సీ ఒక ఎడతెగని లూప్. ఇన్‌పుట్లన్నీ ఒకసారి చదువుతుంది, ప్రోగ్రామ్ మొత్తం నడుపుతుంది, అవుట్‌పుట్లు రాస్తుంది, మళ్ళీ మొదటికి. ఇలా ఒక చుట్టు తిరగడాన్ని స్కాన్ అంటారు. ఇక్కడొక చిక్కుంది. బెల్ట్ సెకనుకి 1 మీటర్ వేగంతో పోతోందనుకోండి. 10 మిల్లీమీటర్ల వెడల్పున్న వస్తువు లైట్‌ని అడ్డుకునేది 10 మిల్లీసెకన్లే. మన స్కాన్‌కి 25 మిల్లీసెకన్లు పడితే ఆ వస్తువు రెండు చూపుల మధ్యలో జారిపోవచ్చు. సెన్సర్ "వచ్చింది" అని అరిచింది, పెద్దమనిషి అప్పుడు వేరే వైపు చూస్తున్నాడు. అందుకే వేగంగా వచ్చే పల్స్‌లని స్కాన్‌తో సంబంధం లేకుండా లెక్కపెట్టే హైస్పీడ్ కౌంటర్ ఇన్‌పుట్లు విడిగా పెడతారు.

రీడర్‌కీ ఇదే లెక్క. అది చదవగలిగే ప్రాంతం 30 సెంటీమీటర్లయితే, అదే బెల్ట్ మీద ట్యాగ్ అక్కడ ఉండేది 300 మిల్లీసెకన్లు. పలకరించడం, జవాబు వినడం, సరిచూడటం అన్నీ ఆ లోపే అయిపోవాలి.

ఒకేసారి 20 ట్యాగ్‌లు రీడర్ ముందుకొస్తే? అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. దీనికి వాడే ఉపాయం కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో మనం చదివే స్లాటెడ్ అలోహా లాంటిదే. హవాయి యూనివర్సిటీలో దీవుల మధ్య రేడియో నెట్‌వర్క్ కోసం పుట్టిన అలోహాకి అది మెరుగైన రూపం. యూహెచ్ఎఫ్ రీడర్ ముందుగా క్యూ అనే ఒక అంకె ప్రకటిస్తుంది. అది 4 అయితే 16 స్లాట్లు. ప్రతి ట్యాగ్ తనకి తోచిన స్లాట్ ఒకటి ఎంచుకుని, తన వంతు వచ్చినప్పుడు ముందు ఒక ర్యాండమ్ నంబర్ మాత్రమే చెబుతుంది. రీడర్ ఆ నంబర్‌ని తిరిగి పలికితే అప్పుడు తన అసలు ఐడీ చెబుతుంది. ఇద్దరు ఢీకొంటే మళ్ళీ ఇంకో రౌండ్. ఢీకొనడాలు ఎక్కువైతే క్యూ పెంచుతుంది, స్లాట్లు ఖాళీగా పోతుంటే తగ్గిస్తుంది. స్లాటెడ్ అలోహా గరిష్ఠ సామర్థ్యం సుమారు 37 శాతం అని పరీక్షలో రాస్తాం కదా, అది ఏదో గోడౌన్ గేటు దగ్గర రోజూ నిజమవుతోంది.

ఇద్దరు సాక్షులు, నాలుగు సందర్భాలు

ఇప్పుడు రెండు సాక్ష్యాలనీ కలుపుదాం. నాలుగే సందర్భాలు.

సెన్సర్ "ఉంది", ట్యాగ్ "నేను ఫలానా" అంటే సంతోషం, పని మొదలెట్టొచ్చు. రెండూ మౌనంగా ఉంటే బహుశా ఏమీ రాలేదు. ఈ రెండు సందర్భాలకీ కోడ్ పది నిమిషాల్లో రాసెయ్యొచ్చు.

మూడోది: సెన్సర్ "ఉంది" అంటోంది, ట్యాగ్ పలకడం లేదు. ట్యాగ్ పగిలిందా? అటువైపు తిరిగి ఉందా? లేక వచ్చింది అసలు మన వస్తువే కాదా? ఇక్కడ ముందటి బాడీ వివరాలనే వాడేసి పని కానిచ్చెయ్యడం అన్నిటికంటే ప్రమాదం. ఇంకోసారి చదవాలి, అప్పటికీ రాకపోతే ఆపాలి లేదా పక్క లైన్‌లోకి మళ్ళించి మనిషిని పిలవాలి.

నాలుగోది: ఎదురుగా ఏమీ లేదని సెన్సర్ అంటోంది, ట్యాగ్ మాత్రం పలికింది. లోహపు గోడల మీద తరంగాలు ఎగిరి పక్క లైన్‌లో ఉన్న ట్యాగ్‌ని చదివేశాయన్నమాట. అందుకే చాలా చోట్ల రీడర్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచరు. సెన్సర్ "వచ్చింది" అన్నాకే రీడర్ నోరు విప్పుతుంది.

ఇద్దరూ ఒప్పుకున్నా ఆగని జాగ్రత్త ఇంకోటుంది. పెయింట్ రోబో చెయ్యి కదిలే దారి మోడల్‌ని బట్టి మారుతుంది. పెద్ద బండి కోసం రాసిన దారి చిన్న బండికి, చిన్నదాని దారి పెద్దదానికి వాడితే చెయ్యి వెళ్ళి బాడీకి గుద్దుకోవచ్చు. కాబట్టి ట్యాగ్ చెప్పిన మోడల్ ఎత్తు, పొడవు నిజంగా అంతే ఉన్నాయా అని కొన్ని లైట్ సెన్సర్లతో మళ్ళీ చూసుకుంటారు. ఒక సాక్షి మాటని ఇంకో సాక్షితో అడ్డప్రశ్నలేసి నిర్ధారించుకోవడమే.

లెక్క తప్పితే ఏమవుతుంది?

1979 జనవరి 25. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఫ్లాట్ రాక్‌లో ఫోర్డ్ కాస్టింగ్ ప్లాంట్. అక్కడ పోతపోసిన పార్టులని అరల్లోంచి తీసుకొచ్చే ఆటోమేటిక్ వ్యవస్థ ఉండేది. అరల్లో ఎన్ని పార్టులున్నాయో ఆ వ్యవస్థ సరిగ్గా చెప్పడం లేదని, అందుకే పార్టులు చేత్తో తీయడానికి రాబర్ట్ విలియమ్స్ అనే 25 ఏళ్ళ కార్మికుడు అరల పైకి ఎక్కాడని కథనాలు చెబుతాయి. అతను అక్కడ ఉన్నాడని మెషీన్‌కి తెలియదు. దాని చెయ్యి వచ్చి తలకి తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. రోబో వల్ల చనిపోయిన తొలి మనిషిగా చరిత్ర అతని పేరే చెబుతుంది. తగినన్ని భద్రతా ఏర్పాట్లు లేవన్న కేసులో 1983లో జ్యూరీ అతని కుటుంబానికి కోటి డాలర్ల పరిహారం ప్రకటించింది.

ఇది చదివాక మన రెండు ప్రశ్నలూ వేరేలా వినిపిస్తాయి. అరలో ఏముందో లెక్క తేలకపోతే మనిషి స్వయంగా చూడ్డానికి వెళ్తాడు. వెళ్ళిన మనిషి అక్కడ ఉన్నాడని మెషీన్‌కి తెలియకపోతే ఆ పొరపాటుకి ప్రాణం ఖర్చవుతుంది. లెక్క తప్పడం మన స్క్రీన్ మీద ఒక రో తేడా అంతే. నేల మీద అది ఒక మనిషిని నిచ్చెనెక్కిస్తుంది.

ఇప్పటి ఫ్యాక్టరీల్లో రోబో చుట్టూ కంచె, లైట్ కర్టెన్లు, ఎమర్జెన్సీ స్టాప్ బటన్లు ఉంటాయి. వాటి వెనకున్న సూత్రం చాలా సింపుల్: మౌనాన్ని ప్రమాదంగా లెక్కెయ్యాలి. ఎమర్జెన్సీ స్టాప్ వైర్లో కరెంటు ఎప్పుడూ పారుతూ ఉంటుంది. బటన్ నొక్కితే కరెంటు తెగుతుంది, మెషీన్ ఆగుతుంది. ఎలుక వైరు కొరికినా కరెంటు తెగుతుంది, అప్పుడూ ఆగుతుంది. నొక్కితేనే కరెంటు పారేలా పెట్టి ఉంటే, వైరు తెగిన సంగతి బటన్ నొక్కినరోజు గానీ తెలియదు. కంచె తలుపులకి ఆర్ఎఫ్ఐడీతో పని చేసే సేఫ్టీ స్విచ్‌లు కూడా వాడతారు. తలుపు మీద కోడ్ ఉన్న ట్యాగ్ కనిపిస్తున్నంతసేపే మెషీన్ నడుస్తుంది. మామూలు అయస్కాంతం అడ్డం పెట్టి దాన్ని మోసం చెయ్యడం కుదరదు. ఇక్కడా సూత్రం అదే, ట్యాగ్ పలకకపోతే ఆగిపో.

మనం రాసే ప్రోగ్రాముల్లో విలువ రాకపోతే సున్నా అనుకుని ముందుకెళ్ళిపోవడం మామూలే. వెబ్ పేజీలో అది నడుస్తుంది. కన్వేయర్ దగ్గర "ఏమీ చెప్పలేదు" వేరు, "ఏమీ లేదని చెప్పింది" వేరు.

ఇదంతా చేతికి తెలియాలంటే ఫ్యాక్టరీకే వెళ్ళక్కర్లేదు. ఒక ఆర్డుయినో, 13.56 మెగాహెర్ట్జ్ మీద పని చేసే ఆర్‌సీ522 రీడర్, ఒక ఐఆర్ సెన్సర్ చాలు, హాస్టల్ టేబుల్ మీదే లైన్ తయారవుతుంది. కార్డు చదివి లైటు వెలిగించే ప్రోగ్రామ్ అందరూ చేస్తారు, అది మొదటి సందర్భమే. మూడోదాన్నీ నాలుగోదాన్నీ కూడా రాయండి. కార్డు లేకుండా చెయ్యి అడ్డం పెట్టి చూడండి. రీడర్ పక్కనుంచి ఇంకో కార్డు జరిపి చూడండి. మధ్యలో సెన్సర్ వైరు పీకి చూడండి. అప్పుడు కూడా మీ ప్రోగ్రామ్ ఆగాల్సిన చోట ఆగితే, దాన్ని నమ్మి ఎవరైనా లైన్ దగ్గర నిలబడొచ్చు.